శ్యామల పంపిన లింకు

ఆర్మూర్ పసుపు మార్కెట్ గంజ్ ఎదురు సందులో ఉన్న ఇంటర్నెట్ షాపులో శ్యామల గొంతు విన్నవాళ్లు తక్కువ. ఇంటర్ మొదటి సంవత్సరంలో చదువు ఆగిపోయింది. అప్పటి నుంచి అక్కడే పని. గిరాకీ వస్తే లేచి నిలబడుతుంది, కుర్చీ చూపిస్తుంది, మిగతాదంతా కళ్లతోనే కానిస్తుంది.

"మా షాపుల రెండు మూగ మిషన్లున్నయ్. ఒకటి జిరాక్సుది, ఒకటి శ్యామల" అనేవాడు ఓనర్ ప్రేమ్‌చంద్ సేటు. ఆమె నవ్వేది, చప్పుడు లేకుండా.

అయినా ఆడవాళ్లు ఆమెనే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. మగవాళ్లు మస్కట్‌కో దుబాయికో పోయిన ఇళ్లవాళ్లు. శ్యామల వాళ్లకు ఆర్కుట్‌లో పేజీలు తెరిచిపెట్టేది, పిల్లల ఫొటోలు ఎక్కించేది. చదువు రానివాళ్లు పాస్‌వర్డ్ ఎక్కడ గుర్తుపెట్టుకుంటారని అందరికీ ఒకటే పెట్టింది. తనకూ అదే. గంజ్‌లో ఎందరి కుప్పలున్నా కావలి ఒక్కడే ఉంటాడు కదా, అట్లా.

వాళ్లలో లసుమవ్వ ఒకతె. గంజ్‌లోనే కూలి, పొడుగాటి పసుపు కొమ్ములనూ గుండ్రటి మండలనూ వేరు చేసే పని. మొగుడు కాశీరాం మస్కట్‌లో ఇళ్లు కట్టే పనిలో ఉన్నాడు. బిడ్డ పుట్టిన మర్నాడు శ్యామల సేటు కెమెరా తీసుకుని దవాఖానకు పోయింది. లసుమవ్వ పైట సర్దుకోకుండానే పిల్లకు పాలిస్తోంది. "తియ్యి చెల్లె, చూసేది మీ బావనే గదా" అంది. ఆ ఫొటో దోస్తులకు తప్ప ఎవరికీ కనబడకుండా పెట్టింది శ్యామల. లసుమవ్వ పేజీకి దోస్తులు ఇద్దరే, కాశీరాం, శ్యామల.

కాశీరాంకు ఏదీ వెతుక్కోవడం రాదు. అందుకని ప్రతి గురువారం శ్యామల కొత్త ఫొటోల లింకు అతని పేజీలో వేస్తుంది. శుక్రవారం సెలవుపూట అతను అక్కడి నెట్ షాపుకు పోయి అది నొక్కుతాడు. "శ్యామల నీలం అక్షరాలు పంపిందంటే నా బిడ్డ వచ్చినట్టే" అని ఒకసారి లసుమవ్వతో ఫోన్‌లో అన్నాడట. ఆ మాట ఆమెకు ఎంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు.

ఆ గురువారం పొద్దున శ్యామల తన పేజీ తెరవగానే వేల్పూర్‌లో ఉండే సువర్ణ పేరు మీద ఒక స్క్రాప్, పేజీ మీద రాసిపోయే చీటీ, ఉంది. సువర్ణ బడిలో తన దోస్తు. "ఇది నీ ఫొటోనేనా?" అని ఇంగ్లీషులో, కింద నీలం అక్షరాలు. శ్యామల కుర్చీ ముందుకు జరుపుకుంది. తన ఫొటో ఎక్కడా పెట్టుకోలేదు, పసుపు పువ్వు బొమ్మ తప్ప. నొక్కింది. మళ్లీ పాస్‌వర్డ్ అడిగే పేజీ వచ్చింది. కరెంటు ఒక్కసారి రెప్పకొట్టినా అన్నీ మొదటికొచ్చే ఊరు అది. రోజూ ఎన్నిసార్లు పాస్‌వర్డ్ కొడుతుందో, అట్లాగే కొట్టింది. తెల్లటి పేజీ వచ్చి ఊరుకుంది.

మధ్యాహ్నం షాపుకు సువర్ణ ఫోన్.

"గా ఫొటో లింకు నొక్కినవానే?"

"నొక్కిన."

"నేను పంపలేదే. ఎవలో నా పేరు మీద పంపుతున్నరు. గిప్పుడు నీ పేరు మీద నాకే వచ్చింది."

ఫోన్ పెట్టేసి కాశీరాం పేజీ తెరిచింది. అక్కడ పసుపు పువ్వు, పక్కన తన పేరు, కింద తను రాయని మాట, నీలం అక్షరాలు. దాని కిందే పోయిన వారం తను పంపిన లింకు. రెండూ ఒక్క తీరే ఉన్నాయి.

ఎవడో తన పేరులోకి జొరబడ్డాడు. తన పేరు మీంచి ఒక్క నొక్కుతో లసుమవ్వ పేజీ, ఇంకో నొక్కుతో ఆ ఫొటో. రేపు కాశీరాం కూడా నొక్కుతాడు. శ్యామల పంపితే ఎందుకు నొక్కడు?

ముందు తన పాస్‌వర్డ్ మార్చింది. కాశీరాం పేజీలో ఆ స్క్రాప్ తీసేయబోయింది. బాణం గుర్తు దాని మీదికి పోయే లోపు కరెంటు పోయింది.

"ఇగ ఇప్పట్ల రాదు" అని సేటు బల్ల మీద ఒరిగాడు.

నల్లటి తెరలో తన మొహం కనబడింది. ఆ చీకట్లో కూర్చోలేక గంజ్‌లోకి నడిచింది. లసుమవ్వ కుప్ప దగ్గర కూర్చుని ఉంది. పక్కనున్న కనకవ్వ "గీ పిల్ల నడిచొచ్చిందంటే వాన పడ్తది" అంది. శ్యామల నవ్వలేదు. లసుమవ్వను పక్కకు పిలిచి, తడబడుతూ ఉన్నదంతా చెప్పింది.

లసుమవ్వ చేతిలోని కొమ్మును పారేయలేదు, పట్టుకునే ఉంది.

"ఎవలు చూసిండ్రు?"

"తెల్వది అక్కా."

"ఏ ఊరోళ్లు?"

"అది గూడ తెల్వది."

"మా అత్తకు తెలిస్తే నన్ను ఇంట్ల ఉంచుతదా?" అంది. "మస్తు చదువుకున్నదానివి అనుకున్న నిన్ను" అంది మెల్లగా.

"ఫొటో తీసేస్త అక్కా."

"తీసేస్తే ఆయన దేన్ని చూసుకుంటడే?"

శ్యామల ఆమె చెయ్యి పట్టుకుని షాపు వైపు నడిపించింది.

ఇద్దరూ షాపు గడప మీద కూర్చున్నారు. సందులో ఏ మగవాడు సెల్‌ఫోన్‌లోకి చూసుకుంటూ నవ్వినా లసుమవ్వ పైట సర్దుకుంటోంది. అది చూసినప్పుడల్లా శ్యామల లోపలి ఫ్యాను వైపు తల తిప్పుతోంది, తిరుగుతుందేమోనని.

ఎండ వాలుతుండగా లోపల ఫ్యాను కిర్రుమంది. శ్యామల పరుగెత్తింది. కాశీరాం పేజీలో తన పేరు మీద ఉన్న ఆ స్క్రాప్‌ను తీసేసింది. "బావా, నా పేరు మీద ఏ లింకు వచ్చినా అక్కకు ఫోన్ చేసి అడిగినంకనే నొక్కు" అని అక్కడే రాసింది. అప్పుడు లసుమవ్వ పేజీ తెరిచింది. పాత పాస్‌వర్డే పనిచేసింది. ఫొటో అక్కడే ఉంది. ఎవరన్నా తీసుకుపోయారా లేదా, ఫొటో చెప్పదు.

"ఉండనీ" అంది లసుమవ్వ చాలాసేపు చూసి. "తాళం మార్చు."

"నువ్వే పెట్టుకో అక్కా. ఫోన్ నంబర్లు వస్తయి గదా నీకు. అంకెలే కొట్టు. ఇంకోపారి అవే కొట్టు. నాకు చెప్పకు."

శ్యామల లేచి గోడవైపు తిరిగింది. వెనక ఒక్కో మీట నిదానంగా టక్కుమంటోంది.

లసుమవ్వ వెళ్లిపోయింది. శ్యామల కుర్చీలో కూర్చోబోయి ఆగిపోయింది. అంకెల మీటల్లో కొన్నిటి మీద పసుపు వేలిముద్రలు, ఎక్కువసార్లు నొక్కిన చోట మరింత ముదురుగా. ఆమె గబుక్కున కళ్లు మూసుకుంది. చున్నీ కొంగు తడిపి, తడుముకుంటూ వరసంతా తుడిచింది, పసుపు అంటని మీటలతో సహా.