నాయన గొంతులో జీర

మా నాయన గొంతు మొదట ఇంట్లోనే చెడింది. ఊరికి తెలియడానికి చాలా ముందు మాట ఇది. పొద్దున్నే పెరట్లో నిలబడి తూర్పుకు తిరిగి ఆలాపన ఎత్తుకోవడం ఆయనకు అలవాటు. ఆ రాగం వింటే గాని పక్కింటి గేదె పాలు చేపదని అమ్మ ఎగతాళి చేసేది. ఒకరోజు ఆ ఆలాపన పైకి పోతూ పోతూ మధ్యలో గరుకుమంది. నూనె లేని గిలక మీద చేంతాడు లాగినట్టు వినిపించింది. నాయన ఆగి, ఖాండ్రించి, మళ్ళీ ఎత్తుకున్నాడు. సరిగ్గా అదే చోట మళ్ళీ గరుకు. పలకల దుమ్ము అని తనకు తానే చెప్పుకుని స్నానానికి పోయాడు.

మార్కాపురంలో ఆ రోజుల్లో ఏ రోగానికైనా పలకల దుమ్మే కారణం. నాయన ఒక పలకల ఫ్యాక్టరీలో చెక్క చట్రాలు బిగించేవాడు. ఆ పని చేసేవాళ్ళ ఇళ్ళలో అన్నం మీద కూడా సన్నటి బూడిదరంగు పొర పడేది. దగ్గని మగవాడు లేడు. అందుకే నాయన గొంతు గురించి ఎవరూ కంగారు పడలేదు. అమ్మ మాత్రం కరక్కాయ నమిలించింది, అతిమధురం చప్పరించమంది, మిరియాల కషాయం కాచి ఇచ్చింది. అవన్నీ పాటగాళ్ళకు మామూలే. నెలలు గడిచినా గరుకు పోలేదు. నాకేమో చెవి పాముచెవి, నోరు అంతకంటే చెడ్డది. అది దుమ్ము కాదని అంటే అమ్మ నా నోటి మీద కొట్టింది.

కర్నూలు రాజధాని అయిన కొత్త. రాచపుండును, అంటే క్యాన్సరును, కరెంటుతో మాడ్చే మిషను ఒకటి ఉందనీ, దాన్ని మన వైపు పెద్దాసుపత్రికి తెప్పించాలనీ ఊళ్ళో పెద్దలు కమిటీ వేశారు. మిషను కోసం నాటకం ఆడించాలన్నారు. నాటకమంటే మా నాయనే. ఆయన పనిచేసే ఫ్యాక్టరీ గోడలు కూడా ఆయన పద్యాలకు తల ఊపుతాయని చెప్పుకునేవారు. మా ఊరి బడిపంతులు ఒకాయన రాసిన నాటకం అది. యుద్ధంలో ఓడిన రాజు తన కోటను వదిలి పోతూ, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి ఒక పద్యం పాడతాడు. ఆ పద్యం ఇక్కడ రాయడం నాకు ఇష్టం లేదు.

పెద్దాసుపత్రి నుంచి డాక్టరు గారు కూడా వచ్చారు. ఆయన రాత్రికి రైలెక్కాలి గనుక నాటకం పట్టపగలే మొదలుపెట్టారు. మొదట తాను మాట్లాడతానని, ఆ జబ్బు ఎట్లా మొదలవుతుందో, దాని గుర్తులేమిటో జనానికి చెబుతానని డాక్టరు గారు అన్నారు. కమిటీ పెద్ద ఒప్పుకోలేదు. దీపం వెలిగించి శుభమా అని మొదలుపెడుతూ ఆ మాట ఎత్తకూడదని మా వైపు పట్టింపు. ఇళ్ళలో కూడా ఆ జబ్బు పేరు ఎవరూ పలికేవాళ్ళు కాదు, "అది" అనేవాళ్ళు. పలికితే వింటుందని భయం. అందుకని ఉపన్యాసాన్ని చివరికి నెట్టారు. దేనికోసం చందాలు వేస్తున్నారో దాని పేరు చెప్పకుండానే జనాన్ని చాపల మీద కూర్చోబెట్టారు.

దోర్నాల నుంచి, చంద్రశేఖరపురం నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. ఆడవాళ్ళం తాడు కట్టిన పక్క కూర్చున్నాం. ఎండలో రంగులు పూసుకున్న ముఖాలను చూడటం అదే మొదటిసారి నాకు. రాత్రి దీపాల కింద రాజులా ఉండే నాయన, ఆ వెలుతురులో జబ్బు మనిషికి ఎవరో ముస్తాబు చేసినట్టు కనిపించాడు. పక్కనున్న అమ్మ కొంగు చివర నోట్లో కుక్కుకుని కూర్చుంది.

హార్మోనియం వాయించేది మా నాయన స్నేహితుడు. ఊళ్ళో అత్తరు దుకాణం పెట్టుకున్న సాయిబు. నేను ఆయన్ని మామా అనేదాన్ని. ఆయన శృతి పట్టగానే నాకు తెలిసిపోయింది. నాయన పాడే శృతి కాదది, బాగా కిందికి దించాడు. ఒక్కసారిగా కూడా కాదు. కొన్ని నెలలుగా ఆట ఆటకీ ఒక్కో మెట్టు దించుతూ వస్తున్నాడట. పాటగాడి గొంతు ఎంతవరకు పోతే అంతవరకే శృతి పెట్టడం, అది ఎవరికీ తెలియకుండా పెట్టడం హార్మోనియం పట్టినవాళ్ళ మర్యాద. తర్వాత నేను నిలదీస్తే ఆయన తల వంచుకుని, "అన్న వయసేమన్నా తగ్గుతదా పాపా? గొంతు ఎంత అడిగితే అంతే ఇయ్యాల. నలుగుర్లో ఆయన్ను దించుతానా నేను?" అన్నాడు.

రాజు కోటగుమ్మం దగ్గరికి వచ్చాడు. వెనక్కి తిరిగి పద్యం ఎత్తుకున్నాడు. ఆ కింది శృతిలో, ఆ గరుకు గొంతుతో, ఓడిపోయిన రాజు ఏడుస్తున్నాడా పాడుతున్నాడా తెలియలేదు. అబ్బ, ఆ జీర చూడండి అని ఎవరో అన్నారు. ఇన్నేళ్ళకు మనవాడి గొంతులో శోకం పండిందని ఇంకొకరు. వన్స్ మోర్ అంటూ ఒకాయన లేచాడు. ఉత్తినే అరిస్తే కుదరదని కమిటీ ముందే చెప్పింది. అరిచినవాడు నిలబడి మిషనుకు తాను ఇచ్చేదేమిటో చెప్పాలి. ఆయన చెప్పాడు. నాయన మళ్ళీ పాడాడు. ఇంకొకాయన లేచాడు. ఒక రైతు గొర్రెను ఇస్తానన్నాడు, ఒకామె తాడు ఇవతల నుంచే ముక్కుపుడక తీసి పంపింది. పాడిన ప్రతిసారీ గొంతు ఇంకొంచెం చిరిగింది. చిరిగిన కొద్దీ చప్పట్లు పెరిగాయి. ముందు వరసలో డాక్టరు గారొక్కరే చప్పట్లు కొట్టలేదు. ఆయన నాయన ముఖం వైపు కాక మెడ వైపు చూస్తున్నారు.

ఆట ముగియగానే నీళ్ళచెంబు పట్టుకుని నేను తెర వెనక్కి పోయాను. డాక్టరు గారు నాకంటే ముందే అక్కడున్నారు. ఉపన్యాసం మాట మరిచిపోయినట్టున్నారు. బయట జనం అప్పటికే బండ్లు పూన్చుకుంటున్నారు. డాక్టరు గారు నాయన మెడ మీద వేళ్ళు పెట్టి అక్కడక్కడ నొక్కుతున్నారు. వేళ్ళకు రంగు అంటుకుంది.

"ఈ బొంగురు ఎన్నాళ్ళ నుంచి?"

నాయన ముఖం వెలిగిపోయింది. "పోయిన ఉగాది దాటినాక కుదిరింది సార్. అంతకు ముందు ఇట్ల పలికేది గాదు."

డాక్టరు గారు నా వైపు చూశారు. ఆ చూపు నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. రుమాలుతో వేళ్ళు తుడుచుకుంటూ, ఇది కుదిరింది కాదని, గొంతులో పుండు ఉన్నట్టుందని, ఆలస్యం చేయకుండా మద్రాసు పొమ్మని, ఇక్కడికి మిషను వచ్చేదాకా ఆగవద్దని నిదానంగా చెప్పారు. నాయన నవ్వు అట్లాగే ముఖం మీద ఉండిపోయింది. ఒక్కటే అడిగాడు.

"పోతే గొంతు ఉంటదా సార్?"

"మనిషి ఉంటే చాలనుకోండి" అని ఆయన జట్కా ఎక్కారు.

ఇంటికొచ్చాక నాయన ఆ మాట నమ్మలేదు. నమ్మకపోవడానికి ఆయన దగ్గర ఊరంత సాక్ష్యం ఉంది. "అంతమంది చెవులు తప్పా, ఆ ఒక్కాయన చెవి ఒప్పా?" అని అమ్మ మీద కసిరాడు. గిద్దలూరులో ఇంకో ఆట ఒప్పుకుని ఉన్నారు, ఆ తర్వాత పొదిలి. రాజు లేకుండా నాటకమేమిటని కమిటీ పెద్ద ఇంటికి వచ్చి మరీ బతిమాలాడు. ఆ జీరతోనే పాడాలని, గొంతు బాగుచేసుకుని పాడుచేయవద్దని కూడా అన్నాడు. మంచి మనిషే పాపం, ఆయన మనసులో ఏ కల్మషమూ లేదు. అయినా ఆ రోజు ఆయన తాగిన మజ్జిగ గ్లాసు నేను కడగలేదు.

ఆ తర్వాత తిండి దగ్గర మొదలైంది. సంగటి ముద్ద మింగుడు పడక నాయన నీళ్ళు తాగి దింపుకునేవాడు. గోంగూర మండుతోందని పక్కకు నెట్టాడు. గోంగూర వద్దన్న మనిషిని మా ఇంట్లో అంతకు ముందు చూడలేదు. అమ్మ సంగటిని పలచన చేస్తూ చేస్తూ జావలోకి వచ్చింది. గడ్డం గీసుకునేటప్పుడు అద్దం ముందు మెడ ఒక పక్కకే తిప్పుకునేవాడు. రెండో పక్క చూసుకునేవాడు కాదు. పొద్దున ఆలాపన మానేశాడు. మానేసింది ఎందుకో అడిగితే, దాచిపెట్టుకుంటున్నా, గిద్దలూరులో వాడదామని అన్నాడు. పెరడు నిశ్శబ్దంగా ఉండేది. ఇంట్లో నాలుగో మనిషి ఎవరో దిగినట్టు, ఆ మనిషికి వినబడకుండా మేం ముగ్గురం మెల్లగా మాట్లాడుకునేవాళ్ళం.

గిద్దలూరుకు రైల్లో బయలుదేరాం. నాయన, మిగతా వేషగాళ్ళు ముందు పెట్టెలో ఎక్కారు. హార్మోనియం పెట్టె ఒళ్ళో పెట్టుకుని మామ మా దగ్గర కూర్చున్నాడు. కంభం దాటాక నేను నోరు తెరిచాను.

"మామా, ఈ పొద్దు పాత శృతి పెట్టు."

ఆయనకు అర్థమైంది. పెట్టె మీద చేతులు బిగించాడు. "నలుగుర్లో ఆయన్ను పడెయ్యమంటావా పాపా?"

"పడితేనే లేచి మద్రాసు పోతాడు. నువ్వు మోస్తా ఉంటే నడుస్తున్నా అనుకుంటాడు."

మామ భుజం మీది తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కిటికీలోంచి నల్లమల కొండలు మా వెంట వస్తూనే ఉన్నాయి. అమ్మ అటే చూస్తూ, తల తిప్పకుండా, "పెట్టన్నా" అంది. ఇన్ని నెలల్లో ఆ జబ్బు సంగతి తెలుసునని ఆమె ఒప్పుకున్న మాట అదొక్కటే.

గిద్దలూరులో జనం ఇంకా ఎక్కువ. మార్కాపురం జీర పేరు ముందే అక్కడికి చేరింది. కోటగుమ్మం సీను వచ్చింది. మామ హార్మోనియం మీద చెయ్యి వేశాడు. పాత శృతి పలికింది, మా పెరట్లో పొద్దున పూట వినిపించిన శృతి. నాయన చప్పున ఆయన వైపు తిరిగాడు. మామ తల ఎత్తలేదు. దించమని సైగ చేస్తే అయిపోయేది. కానీ అంతమంది ముందు శృతి దించమని అడగడం మా నాయన వల్ల అయ్యే పని కాదు. అది నాకు తెలుసు, మామకూ తెలుసు.

నాయన గుండెల నిండా గాలి తీసుకుని ఎత్తుకున్నాడు. మొదటి మాట సగం వచ్చింది. తర్వాత నోరు తెరిచే ఉంది, మెడ నరాలు ఉబ్బాయి, చెయ్యి పైకి లేచే ఉంది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. హార్మోనియం ఒక్కటే మోగుతోంది. అట్లా పద్యం పొడవునా నిలబడ్డాడు. నేను లేచి పరిగెత్తబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

పద్యం అయిపోయే చోట హార్మోనియం ఆగింది. ముందు వరసలో ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ లేచి, వన్స్ మోర్ అన్నాడు. వెనక ఇంకొకరు. ఆ తర్వాత పందిరంతా అదే మాట.

నాయన జనాన్ని చూశాడు. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా మెల్లగా చూశాడు. ఆ ముఖంలో అప్పుడు కనిపించిన భయం రాజుది కాదు. కిరీటం తీసి హార్మోనియం మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. మేం వెళ్ళేసరికి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అమ్మను దగ్గరికి పిలిచాడు. మాట గుసగుసగా వచ్చింది.

"నేను పాడలేదే. అయినా మళ్ళీ పాడమంటున్నారు." ముఖాన రంగు తుడుచుకుంటూ, "మద్రాసు బండి ఎప్పుడు?" అన్నాడు.

మద్రాసులో కరెంటు పెట్టారు. ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే బాగుండేదన్నారు. గొంతు పోయింది, మనిషి ఇంకో రెండు వానాకాలాలు ఉన్నాడు. మామ ప్రతి సాయంత్రం వచ్చి అరుగు మీద ఆయన పక్కన కూర్చునేవాడు, హార్మోనియం మాత్రం తెచ్చేవాడు కాదు. ప్రాణం పోయే ముందు నాయన ఆయన చెయ్యి పట్టుకుని మెడ మీద పెట్టుకున్నాడు. ఆ చెయ్యి తీయడానికి మామకు చాలాసేపు పట్టింది. కమిటీ అనుకున్న మిషను కూడా వచ్చింది, ఆలస్యంగా. అది చాలామందిని బతికించిందని విన్నాను. సంతోషమే. రైల్లో ఆ మాట అన్నందుకు నేను ఏనాడూ బాధపడలేదు. ఇంకా ముందే అనాల్సింది అనిపిస్తుంది, అంతే.

మొన్న మార్కాపురంలో పద్యాల పోటీ పెడితే పిలిచారు. పోయాను. ఒక కుర్రాడు, పాతికేళ్ళు కూడా ఉండవు, మా నాయన పద్యం ఎత్తుకున్నాడు. అదే కింది శృతి. పైకి పోయే చోట, సరిగ్గా అదే చోట, అదే గరుకు. మా వైపు ఆ పద్యం ఎవరు పాడినా అట్లాగే పాడతారట, పాఠం చెప్పేవాళ్ళు కూడా ఆ చోటుకు రాగానే గొంతు చించమని చెబుతారట. జనం వన్స్ మోర్ అన్నారు. నేను కుర్చీ పట్టుకుని కూర్చున్నాను.

అయిపోయాక ఆ అబ్బాయి వచ్చి నా కాళ్ళకు దండం పెట్టాడు. ఈ జీర ఎన్నాళ్ళ నుంచి నాయనా అని అడిగాను. వాడి ముఖం వెలిగిపోయింది.

"ఈ మధ్యనే కుదిరింది అవ్వా" అన్నాడు.

నేను వాడి మెడ మీద చెయ్యి పెట్టాను. దీవిస్తున్నాననుకుని వాడు తల వంచాడు. అటూ ఇటూ నొక్కి చూశాను. చేతికి ఏమీ తగల్లేదు. అయినా మళ్ళీ ఒకసారి చూశాను.