చెరకు తోట మీద రెండుసార్లు

మా మావయ్య తప్పిపోయిన రోజుకి ఆ గింబల్ పెట్టె నా షాపులో విప్పకుండా పది రోజులుగా పడి ఉంది.

చోడవరం బస్టాండు దగ్గర నాకు సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది. ఆదివారాలు మూసేస్తాను. ఆ తీరికలో నాలుగు మోటార్లు, ఒక ఫ్రేము, ఒక బోర్డు విడివిడిగా తెప్పించి సరదాకి డ్రోన్ తయారు చేసుకున్నాను. దాని పొట్ట కింద చిన్న కెమెరాని టేపుతో అతికించాను. డ్రోన్ బాగానే ఎగిరేది గానీ, మోటార్ల వణుకంతా కెమెరాలోకి దిగేది. ఫోనులో చూస్తే రోడ్లూ పొలాలూ నీళ్ళలో నీడల్లా అలలు అలలుగా కదిలేవి. ఆ వణుకు పోవాలంటే గింబల్ బిగించాలి. డ్రోన్ ఎటు ఒరిగినా, తన చిన్న మోటార్లతో కెమెరాని నిలకడగా పట్టుకుని ఉండే చట్రం అది. తెప్పించాను. తీరా పెట్టె మీది కొలతలు చూస్తే దాని రంధ్రాలు నా ఫ్రేముకి కుదరలేదు. దానికి పన్నెండు వోల్టులు కావాలి, నా బ్యాటరీ ఇచ్చేది పదహారు. డ్రోన్ కాళ్ళు పొట్టివి, గింబల్ నేలకి తగిలేలా ఉంది. వచ్చే ఆదివారం చూద్దాంలే అనుకున్నాను. ఆ ఆదివారం వచ్చి వెళ్ళిపోయింది కూడా.

మావయ్య అంటే మా అమ్మకి అన్నయ్య. గోవాడ దారిలో ఒక ఊళ్ళో కూతురి దగ్గర ఉండేవాడు. ఆవిడ నాకంటే పెద్దది, నాకు వదిన. మావయ్య జీవితమంతా చెరకే వేశాడు. రెండేళ్ళ నుంచి మతి సరిగా ఉండటం లేదు. పొలం కౌలుకి ఇచ్చేసిన సంగతి మర్చిపోయి, "తోటకి నీళ్ళు కట్టేరా?" అని రోజుకి పదిసార్లు అడిగేవాడు.

ఆ రోజు పొద్దున వదిన టీ పట్టుకెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది. ఊరంతా వెతికారు. మాడుగుల బస్సుల వాళ్ళనీ అడిగారు. పోలీస్ స్టేషన్లో చెప్పారు. మధ్యాహ్నం వదిన ఆటోలో నా షాపుకి వచ్చింది. చెప్పులు కూడా లేవు.

"ఒరే, నాన్న కనబడతన్లేడు. నీ కాడ ఎగిరేది ఉంది కదా, అది తియ్యి," అంది.

"అందులో సరిగా కనబడదు వదినా. బొమ్మ వణికిపోతాది."

"వణికితే వణికింది. ముందు బయల్దేరు."

వెళ్ళాం. ఫ్యాక్టరీలో చెరకు క్రషింగ్‌కి ఇంకా నెల ఉంది. చెరకు నిలువెత్తు దాటి పెరిగి ఉంది. లోపలికి నాలుగడుగులు వేస్తే పక్క మనిషి కనిపించడు, ఆకుల రొదలో పిలుపు వినిపించదు. గట్టు మీద నుంచి డ్రోన్ లేపాను. గాలి కూడా ఉంది. వదిన నా భుజం పక్కన నిలబడి ఫోనులోకే చూస్తోంది. తెరంతా పచ్చగా వణుకుతోంది. కాలవ పక్క మడిలో, రెండు సాళ్ళ మధ్య తెల్లటిదేదో ఒకటి అలలా సాగి మాయమైంది. యూరియా బస్తా అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు. అప్పటికే బ్యాటరీ అయిపోతోందని కూత వేస్తోంది. దింపేశాను. రెండో బ్యాటరీతో రోడ్డుకి అవతలి వైపు వెతికాను.

"ఏటీ లేదు," అన్నాను చివరికి.

మర్నాడు పొద్దున్నే షాపు తలుపు సగం ఎత్తి గింబల్ పెట్టె విప్పాను. కాసేపటికి వదిన వచ్చి కస్టమర్ల స్టూలు మీద కూర్చుంది. ఊళ్ళో వాళ్ళు రోలుగుంట వైపు వెతకడానికి వెళ్ళారని చెప్పింది.

ముందు ఫ్రేముకి కొత్త రంధ్రాలు వేశాను. గింబల్ పలకకీ ఫ్రేముకీ మధ్య నాలుగు రబ్బరు బంతులు ఉంటాయి, వణుకుని మింగేవి అవే. వాటిని బొటనవేలితో ఒక్కొక్కటీ నొక్కి రంధ్రాల్లో కూర్చోబెట్టాను. వోల్టేజి తగ్గించే మాడ్యూల్‌ని బ్యాటరీకి కలిపి, మీటరు పెట్టి, దాని చిన్న స్క్రూ తిప్పుతూ పన్నెండుకి తెచ్చాను. అప్పుడు గింబల్ వైర్లు సోల్డర్ చేశాను. ఎరుపూ నలుపూ తారుమారైతే బోర్డు కాలిపోతుంది. అందుకని చేసిందే మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను.

"ఇంకెంతసేపు బాబూ?" అంది వదిన.

"తొందరపడితే మాడిపోద్ది వదినా. మాడిపోతే ఇంక ఏటీ లేదు."

"సరే. సెయ్యి."

కెమెరా బిగించి, కరెంటు ఇవ్వకుండా అటూ ఇటూ వంచి చూశాను. వంచిన చోట ఆగడం లేదు, ముందుకి వాలిపోతోంది. వెనక్కి జరిపి మళ్ళీ బిగించాను. ప్లాస్టిక్ పైపు కోసి పొడుగు కాళ్ళు కట్టాను. కరెంటు ఇచ్చేసరికి గింబల్ ఒక్కసారి విదిలించుకుని, తలెత్తి, కదలకుండా నిలబడింది. నేను డ్రోన్‌ని ఎటు వంచినా కెమెరా ఎదురుగా ఉన్న గోడనే చూస్తోంది. అప్పటికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. నా పని నాకే ముద్దొచ్చింది.

ఇద్దరం మళ్ళీ తోటకి వెళ్ళి, అదే గట్టు మీద నుంచి లేపాను. తెరలో ఆకు ఆకు విడిగా కనిపించింది. నేను తిన్నగా కాలవ పక్క మడికే పోనిచ్చాను. తెల్లటిది అక్కడే ఉంది. కెమెరాని కిందికి వంచాను. బనీను. పక్కన మట్టిలో ఒక చెయ్యి.

వదిన ఫోను వైపు చూడటం మాని తోటలోకి పరిగెత్తింది. నేను డ్రోన్‌ని దింపేసి వెనకాలే వెళ్ళాను. ఆకులు మొహం కోసేస్తున్నాయి. మావయ్య పక్కకి ఒరిగి ఉన్నాడు. చుట్టూ చెరకు గడలు నాలుగేసి కలిపి, గాలికి పడిపోకుండా వాటి ఆకులతోనే జడలు చుట్టి ఉన్నాయి. తన తోటే అనుకుని పనికి వచ్చాడు. వరసగా పదమూడు జడలు వేశాడు. పద్నాలుగోది సగంలో ఉంది.

వదిన ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, "నాన్నా, నాన్నా, నీళ్ళు కట్టేంలే. లెగు," అంది.

ఆసుపత్రిలో డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. తుంటి ఎముక విరిగిందన్నాడు. లేవలేక ఉండిపోయాడన్నాడు. "నిన్ననే పోలేదు. ఇవాళ పొద్దు పొడిచేదాకా, ఆ తర్వాత కూడా కొంతసేపు ప్రాణం ఉండుంటుంది," అన్నాడు. నేను మీటరు పెట్టి స్క్రూ తిప్పుతున్న వేళ అది. ఆ మాట ఎవరికీ చెప్పలేకపోయాను.

అయిదో రోజు ఇంక ఉండబట్టలేక వదిన దగ్గరికి వెళ్ళాను. పెరట్లో మావయ్య దుప్పట్లు ఉతుకుతోంది.

"వదినా, మొదటి రోజే నాకు కనబడ్డాది. బస్తా అనుకున్నాను. దిగి సూడలేదు," అన్నాను.

ఆవిడ ఉతకడం ఆపలేదు. దుప్పటి తిరగేస్తూ అంది: "నేనూ సూసేను."

"ఏటి?"

"నీ పక్కనే ఉన్నాను కదా. తెల్లగా ఏదో పోయింది. అడుగుదామనుకున్నాను. నీకు తెల్దేటి, ఉంటే నువ్వే సెప్తావు కదా అని ఊరుకున్నాను." దుప్పటి పిండుతూ, "ఇంకెవులికీ సెప్పకు," అంది.

చెప్పలేదు. పెదకర్మ రోజు భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దాయన అందరికీ వినబడేలా, "ఈ బాబు లేకపోతే మనిషి దొరికీవోడే కాదు," అన్నాడు. ఎదుటి వరస వాళ్ళు తలలూపారు. అప్పుడే పప్పు వడ్డిస్తూ వదిన మా దగ్గరికి వచ్చింది. నేను తలెత్తలేదు. ఆవిడ నా విస్తట్లో ఒక గరిటె వేసింది, ఒక్క క్షణం ఆగి ఇంకో గరిటె వేసింది, పక్క విస్తరికి వెళ్ళిపోయింది.