గీత పడని ఎరుపు

ఆశ్వయుజం, మంగళవారం. తెల్లవారుజాము నుంచి ముసురు. బావ ఇంట్లో మగ్గం గుంటలోకి నీళ్లు ఊరితే చెంబుతో తోడి వీధిలో పోశాను. ఏడున్నరకి గుంటూరు ఆసుపత్రి నుంచి అక్క ఫోన్ చేసింది. "బావ పోయాడురా" అంది. "వస్తున్నానక్కా" అన్నాను.

ఆ పూట నా పుస్తకంలో రాసుకున్నది ఇంతే. ఎండో వానో, ఏ పని ఎంత వరకు వచ్చిందో రోజూ రెండు ముక్కలు రాసుకోవడం నాకు అలవాటు. మగ్గానికి వాతావరణం ముఖ్యం. ఎండ ముదిరితే దారం తెగుతుంది, ముసురు పడితే గుంటలో కాళ్లు నానతాయి. బావ గురించి రాయాలంటే మాత్రం రెండు ముక్కలు చాలడం లేదు. చదివేవాళ్లు ఓపిక పట్టాలి.

బావ మా అక్క భర్త. చీరాల పక్కన నేతగాళ్ల వాడ మాది. నాకు మగ్గం నేర్పింది ఆయనే. నేను నేసిన గుడ్డని అంగుళం అంగుళం బొటనవేలితో తడిమి చూసేవాడు. తప్పు దొరికితే తిట్టడు, "ఇది నువ్వు నేశావా, పిల్లి నేసిందా?" అని అడిగి టీకి పోయేవాడు. తిరిగి వచ్చేలోపు నేను విప్పేసి ఉండాలి.

ఆయన్ని పట్టుకున్న ఊహ ఎక్కడ మొదలైందో నాకు తెలుసు, పక్కనే ఉన్నాను కాబట్టి. ప్రత్తిపాడులో పెళ్లివారికి చీరలు అప్పగించి బస్సు కోసం నిలబడ్డాం. రోడ్డు పక్కన మిరప కళ్లం. ఒక్కో రోజు కోసిన కాయ ఒక్కో పక్కన పోసుకుంటూ వచ్చారు. ఒక చివర నిన్నటి పచ్చి ఎరుపు, ఇంకో చివర గలగలలాడే ఎండు ఎరుపు.

"బావా, బస్సు!"

"పోనీరా. ఆ ఎరుపు ఈ ఎరుపుగా ఎక్కడ మారిందో చూపించు."

"నాకేం తెలుసు?"

"నీకే కాదు, ఆ కాయక్కూడా తెలీదు."

రంగు తేలిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లలో ఒకామె తలెత్తింది. "ఏవయ్యో, కొంటావా, కళ్లతోనే నమిలేస్తావా?" అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. రెండో బస్సు కూడా పోయింది.

ఆ ఎరుపుని చీరలో దించాలనుకున్నాడు. పచ్చి ఎరుపుతో మొదలై, ఎండు ఎరుపుతో ముగియాలి, మధ్యలో ఎక్కడా గీత పడకూడదు. వినడానికి ఇంతే. కానీ అడ్డపోగు నూలు చుట్టిన కండె మారిన చోట రంగు మారుతుంది, రంగు మారిన చోట గీత పడుతుంది. రంగులు పెంచాడు. పెరట్లో కాగు పెట్టి తనే నూలు అద్దుకున్నాడు. కండెని మోస్తూ పడుగులో అటూ ఇటూ తిరిగే నాడెలు రెండు పెట్టి, మార్చి మార్చి వేశాడు. నేస్తున్నంతసేపూ బాగానే ఉండేది. నేసిన గుడ్డ దోనె కర్రకి చుట్టుకుపోతుంది కదా, మూరెడుకు మించి కళ్ల ముందు ఉండదు. కోసి, వసారాలో పరిచినప్పుడే అసలు సంగతి బయటపడేది.

మొదటి చీర పరిచిన రోజు మా దగ్గర చీరలు కొనే షావుకారు వచ్చి చూశాడు. "బ్రహ్మాండం! ఇలాంటివి పది నెయ్యి."

"ఇది అది కాదండి. గీత ఉంది."

"ఎక్కడయ్యా? నాకు కనపడదే."

"మీరు అదృష్టవంతులు." నా వైపు తిరిగాడు. "నీకు?"

"కనపడుతోంది బావా" అన్నాను.

నిజానికి నాకూ కనపడలేదు. ఆయన పక్షాన ఒక్కడైనా ఉండాలని అన్నాను. బావ తల ఊపి చీర మడిచేశాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. లేదని చెప్పి ఉంటే ఆ చీరతో ఆగేవాడేమో. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

తర్వాత ఎన్ని నేశాడో అన్నీ ఆ వసారాలోనే ఓడిపోయాయి. "దారమంటేనే గీత కదరా. గీతల్ని పేర్చి గీత లేకుండా చెయ్యమని నాకెవరు చెప్పారు?" అనేవాడు. చివరి రెండేళ్లూ గుంటలో కాళ్లు పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చునేవాడు. చీర లోపల పూర్తయిపోయిందట, చెయ్యి పెడితేనే చెడుతోందట.

"లోపలి చీర లోపలే కట్టుకోనా?" అని అక్క గొణిగేది. "ఊరందరికీ నేసినాయన ఇంట్లో జాకెట్టు ముక్క లేదు."

ఈ వేసవిలో మళ్లీ లేచాడు. ఇదే చివరిసారి అన్నాడు. దగ్గు అప్పటికే ముదిరింది. ఈ చీరకి కండెలు అక్కని చుట్టనివ్వలేదు, తనే చుట్టాడు. వెదురుబుట్టలో వరసగా పేర్చుకున్నాడు. ఏది ఏ కండె తర్వాతో గుర్తు పెట్టలేదు, కాగితం మీద రాయలేదు. పక్కపక్క కండెల తేడా ఆయన కంటికి తప్ప ఎవరికీ ఆనేది కాదు. సగం నేశాక ఊపిరి అందక పడిపోయాడు.

ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజున కూడా వానే. బుట్ట తడుస్తుందని అక్క కండెలన్నీ కొంగులో పోసుకుని అటక మీద డబ్బాలో వేసింది. ఈ మాట దహనం అయ్యాక తనే చెప్పింది.

"బావకి చెప్పావా?"

"మంచం మీద పడుకునే అడిగాడ్రా, బుట్ట ఎక్కడుందని. తడవకుండా తీసి డబ్బాలో పోశానని చెప్పా. గోడవైపు తిరిగాడు. అటు నుంచే, 'మంచిపని చేశావు' అన్నాడు. ఎన్నాళ్లకి మెచ్చుకున్నాడో!" అని ఏడ్చింది.

ఆయన దాచిపెట్టిన మాటని బయటపెట్టడానికి నేనెవర్ని?

నేసేవాడు పోతే మగ్గం మీద సగం చీర ఉంచకూడదంటారు మా వాడలో. పెద్దకర్మకి ముందే దగ్గరివాళ్లు మిగతాది నేసి దించాలి. ఇక్కడ దగ్గరివాణ్ణి నేనే.

గురువారం. వాన వెలిసింది, పొడి ఎండ. మగ్గం తుడిచాను. తెగిన పోగులు అతికాను. డబ్బా దించి కండెలన్నీ వసారాలో చాప మీద పోశాను. ఎటు చూసినా ఎరుపే. దోనె మీద బావ ఆపిన చోటు పక్కన ఒక్కో కండె పెట్టి చూశాను. అన్నీ సరిపోయినట్టే ఉన్నాయి. రెండు తీసుకుని గుమ్మంలో వెలుతురుకి నిలబడ్డాను, చేతికొకటి. ఎంతసేపో తెలీదు.

"ఇంకా ఏంట్రా చూస్తావు?" అంది అక్క వంటింట్లోంచి. "అన్నీ ఎరుపేగా. ఏదో ఒకటి వెయ్యి."

వచ్చి గుంటలో దిగాను. ఎడమచేతిలోది నాడెలో పెట్టి, బావ ఆపిన చోట మొదటి పోగు వేశాను.