గంప ఎత్తుకుపోయిన గద్ద

రసూల్‌బీ పెద్దమ్మ ఇంట్లో కోడి మాయమైతే దోషి ఒక్కటే: గద్ద. కుక్క, ముంగిస, అడవిపిల్లి, ఇవన్నీ ఆమె దృష్టిలో పాపమెరగని జీవాలు.

గార్లదిన్నె దగ్గర మా ఊరి ఆకాశం ఉతికి ఆరేసిన నీలిచీరలా ఖాళీగా ఉంటుంది. మబ్బు రాకపోయినా ఒక నల్లచుక్క మాత్రం రోజూ వచ్చి తిరుగుతుంది. దాన్ని చూడగానే పెద్దమ్మ సత్తుపళ్ళెం వాయిస్తుంది.

"వచ్చినావా దొంగ సచ్చినోడా! నీ రెక్కలిరగ!"

గద్ద బెదరాలని కోడిపిల్లలకూ పెట్టలకూ గులాబీరంగు పూస్తుంది. కంపకంచె మీద పాత సీడీలు వేలాడదీస్తుంది. ఆ పెరడు ఏడాది పొడవునా పెళ్ళివారిల్లులా మెరుస్తుంటుంది.

మొదట్లో గద్ద పిల్లలతో సరిపెట్టుకుంది. తర్వాత పెట్టల దాకా ఎదిగింది. ఉగాదికి ముందు మూడు కిలోల పుంజు పోయింది.

"అంత పుంజునా పెద్దమ్మా?" అన్నాను.

"బాగా మేసి బలిసుండాది లేప్పా."

ఈ మేలో పొదుగుతున్న పెట్ట పోయింది. కింది పదకొండు గుడ్లు పోయాయి. గంప కూడా పోయింది.

కొడుకు జమీల్ ఆటో నిలిపి వచ్చి ఖాళీ మూలను చూశాడు.

"గంపగూడా ఎత్తకపోయిందామ్మా?"

"పొదుగుకోడి గుడ్లు ఇడ్సి పోతాదేమిరా? గద్దకు మాత్రం మనసుండదా?"

"ఇంగ సాలు. రేపు ఆ గద్ద యాడుండాదో తేలాల. లేకుంటే ఆదివారం సంతలో కోళ్ళన్నీ అమ్మేస్తా!"

పెద్దమ్మ పళ్ళెం కింద పెట్టేసింది. కోళ్ళు లేని పెరట్లో ఆమెను నేనూ ఊహించలేకపోయాను.

మర్నాడు జమీల్, నేను ఆకాశం చూస్తూ వెతికాం. దొరికింది నేల మీద. ఊరి చివర తిరుపాలమ్మ పెరట్లో, వేపనీడన, ఆ గంప. అందులో గులాబీ రెక్కల పెట్ట గుడ్ల మీద రాణిలా కూర్చుంది. పక్కనే మూడు కిలోల పుంజు గింజలేరుకుంటోంది.

పోయినేడు కొక్కెర తెగులొచ్చి తిరుపాలమ్మ కోళ్ళన్నీ వారంలో చచ్చిపోయాయి. ఊరికే ఇస్తే గుక్కెడు మజ్జిగైనా తాగని మనిషి. మమ్మల్ని చూసి కంగారుపడింది.

"నేనడగలేదు జమీలూ. గద్ద మా పెరట్లో పడేసి పోయిందంట. మీ అమ్మే చూసి చెప్పె. ఎనక్కిస్తే దోషమనె."

"గంపతోనేనా అక్కా?"

"గంపతోనే! ఒక్క గుడ్డన్నా పగల్లేదప్పా. ఎంత నిదానంగా దించిందో!"

జమీల్ గంపను ముట్టుకోకుండా వెనక్కి తిరిగాడు.

ఇంటికొస్తే పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"దొరికిందా?" అని అడిగింది.

"దొరికిందిమ్మా. పాపం, ముసలిదైపోయింది. ఈ తూరి గంప మోసేటప్పుడు నన్ను పిలవమని చెప్పు. ఆటో తెస్తా."

పెద్దమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పైన ఆ నల్లచుక్క, ఏ పాపమూ ఎరగనిది, ఇంకో చుట్టు తిరిగింది.