అడిగేది ఒకరిని, జవాబు అమ్మమ్మది

మా అమ్మమ్మకు ఒకటే జబ్బు. ఎవరిని అడిగిన ప్రశ్నకైనా తానే జవాబు చెబుతుంది. డాక్టరు "ఎక్కడ నొప్పి?" అని తాతయ్యను అడిగితే, "ఎడమ మోకాలండీ. మెట్లెక్కితే కలుక్కుమంటుంది. ఎక్కొద్దంటే వినరు" అని ఈవిడ అందుకుంటుంది. తాతయ్య నోరు తెరిచేది నాలుక చూపించడానికే. బడిలో నన్ను ఎక్కం అడిగినా, కిటికీలోంచి ఆవిడే అప్పజెప్పేది. ఏడో తరగతిలో నేను తప్పాను గానీ, ఆవిడైతే పాసయ్యేది.

వెనకింట్లో ఇస్త్రీ చేసే అమ్మాయి తన కూతుర్ని పేరున్న బడిలో చేర్చాలని ఆశపడింది. అక్కడ ముందు తల్లిని ఇంగ్లీషులో ప్రశ్నలడుగుతారట. ఆ మాటకే ఆమెకు చెమటలు పట్టాయి.

"పిన్నీ, నువ్వూ రావా?" అని అమ్మమ్మను అడిగింది.

పిలవకపోయినా వెళ్లే మనిషి. పిలిస్తే ఆగుతుందా?

బడి వరండాలో బల్ల మీద తల్లులూ తండ్రులూ వరసగా కూర్చుని, పెదాలు కదుపుతూ జవాబులు వల్లె వేస్తున్నారు. గదిలో హెడ్ మేడమ్ ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఇస్త్రీ అమ్మాయి కొయ్యబారిపోయింది. అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. అది ఆవిడకు ఏనాడూ అడ్డు కాలేదు. సగం ప్రశ్న ఎదుటివాళ్ల మొహంలోనే ఉంటుందట.

"ఇస్త్రీ చేస్తుందమ్మా. మీ కోటు కాలరు చూస్తుంటే మీకు మంచి ఇస్త్రీ మనిషి దొరికినట్టు లేదు."

మేడమ్ అడిగింది నిజంగానే ఇస్త్రీ అమ్మాయి పని గురించే. మేడమ్ నవ్వు ఆపుకుంటూ మన మాటలోకి దిగింది.

"ఇంట్లో ఇంగ్లీషు లేకపోతే పాప వెనకబడుతుందండీ. సీటివ్వలేను."

"మీరు మీ ఇంగ్లీషులో అడిగారు, నాకర్థమైంది. నేను నా మాటలో చెప్పాను, మీకర్థమైంది. మనకు రెండూ పనికొస్తుంటే పసిదానికి ఒక్కటే ఏమిటి తల్లీ?"

మేడమ్ నిట్టూర్చింది. "రెండు భాషల్లో చెప్పే తరగతి పెట్టాలని నాకూ ఉంది. తల్లిదండ్రులే పెట్టనివ్వరు. ఇంటి భాష ఇంట్లో ఊరికే వస్తుంది, దానికి ఫీజెందుకంటారు." అని ఇస్త్రీ అమ్మాయి వైపు తిరిగింది. "మీకు కావాలా?"

అమ్మమ్మ పెదాలు బిగించుకుంది. మెడ నరాలు పొంగాయి. మొహం కందగడ్డలా అయింది. అయినా చప్పుడు లేదు.

"కా... కావాలండీ," అంది ఇస్త్రీ అమ్మాయి. "ఇంగ్లీషు రావాల్సిందే. నాలా ఇలా నోరు పడిపోకూడదు. కానీ అది ఇంటికొచ్చి పాఠం చెబితే నాకూ తెలియాలి. లేదంటే నా కూతురు నా ఇంటికే చుట్టమైపోతుంది."

తలుపు తీసే ఉంది. బయట వల్లె వేయడం ఆగిపోయింది.

"మా వాడి పేరూ రాసుకోండి," అంటూ ఒక తండ్రి లేచాడు. ఆ వెనకే బల్లంతా లేచింది. సాయంత్రానికి తరగతి నిండింది. పట్టీలో మొదటి పేరు ఇస్త్రీ అమ్మాయి కూతురిదే.

తిరుగుదారిలో ఆమె కాళ్లు నేల మీద ఆనడం లేదు.

"అది సరే గానీ పిన్నీ, నేనంత తడబడుతుంటే నువ్వు అందుకోలేదేం?"

"నన్నడిగారా ఏమిటి?" అంది అమ్మమ్మ.