తాత దించిన డప్పు

ఈ రోజు పొద్దున నాందేడ్‌లో, నిండు సభలో, మా తాత చేతిలో లేని కర్ర పెట్టాను. పంతొమ్మిది వందల డెబ్బైలలో నేను రాసిన నవల మళ్ళీ అచ్చయిన సందర్భం అది. కాలేజీ పిల్లలు ఉక్కకూ ఉపన్యాసాలకూ వాడిపోయి కూర్చున్నారు. "మీ తాత నిజంగా ఏం చేశాడు సార్?" అని ఒకమ్మాయి అడిగితే, వాళ్ళ నిద్ర వదిలించాలన్న ఆశతో "పటేలు మీద కర్ర ఎత్తాడమ్మా" అనేశాను. చప్పట్లు మోగాయి. కుర్చీలో కూర్చున్నానో లేదో అమ్మమ్మ గొంతు వినిపించింది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. నన్ను తిట్టడానికి ఆమెకు అదొక అడ్డు కాదు.

ఆ అబద్ధం నాకు కొత్తది కూడా కాదు. కొలువు దొరికి నాందేడ్‌లో అద్దెగదిలో ఉంటున్న రోజుల్లో, నిజాం కాలపు మా బిలోలి వైపు ఊళ్ళ మీద నవల మొదలుపెట్టాను. కథానాయకుడు అమ్మమ్మ భర్తే, మా తాత. పోలా పండగ నాడు ఆయన పటేలు ఎదుట నిలబడి, పేజీలకు పేజీలు గ్రాంథికంలో గర్జించి, కర్రతో ఒక్కటిచ్చే ఘట్టం రాసి, మురిసిపోయి, మందుల కోసం ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మకు చదివి వినిపించాను. ఆమె జొన్నరొట్టె తడుతూ ముందు నవ్వింది.

"మీ తాత గింత మాట్లాడంగ నేనెన్నడు ఇనలేదురా. ఇంట్ల ఉప్పు అయిపోతె గూడ సైగనే జేస్తుండె."

కర్ర దాకా వచ్చేసరికి పెనం మీద రొట్టె మాడుతున్నా తిప్పలేదు.

"ఎవల్ని అడిగి రాసినవ్ గిది? కర్ర ఎత్తిండనే కదరా పటేలు దొంగ కేసు వెట్టిచ్చిండు. ఎత్తలే ఎత్తలే అనుకుంటనే జైల్ల మగ్గిండు, గట్లనే అనుకుంటనే సచ్చిండు. ఇప్పుడు మనుమడివి నువ్వే సాక్షి చెప్తివా?"

నేను వీరుణ్ణి చేశాననుకున్నాను. పటేలు వకీలు చేసిన పనినే ఇంకొంచెం మంచి తెలుగులో చేశాను.

అసలు జరిగింది ఆమె అప్పుడు చెప్పింది. పోలా ఎడ్ల పండగ. కడిగి, కొమ్ములకు రంగులు పూసి, వీపు మీద ఝూలు గుడ్డ కప్పిన ఎడ్లను ఊరి గవిని వాకిట మామిడాకుల తోరణం కింద నుంచి నడిపిస్తారు. మొదటి మానం, అంటే అందరికన్నా ముందు నడిచే గౌరవం, పటేలు ఎడ్లది. వాటి ముందు డప్పు కొట్టడం మా వాళ్ళ వంతు, కూలి లేని పని. ఆ ఏడు వెట్టికి రాలేదని తాత తమ్ముణ్ణి పటేలు చావడి ముందు కొట్టించాడు. పండగ నాడు తాత తోరణం దాకా డప్పు మోసుకొచ్చి, భుజం మీంచి దించి, నేల మీద పెట్టి, చేతులు కట్టుకున్నాడు. ఆయన్ను చూసి మిగతావాళ్ళూ దించారు. అంతే. "ఎడ్లు గూడ కదలలేదురా" అంది అమ్మమ్మ.

ఆ చివరి మాట మొగుడి మీద ప్రేమతో కలిపిందేమో అనుకున్నాను. అయినా ఒకసారి దెబ్బ తిన్నవాణ్ణి. అవతలి ఇంటిని కూడా అడగాలనిపించి బస్సెక్కి కుండల్‌వాడి పోయాను. పటేలు కోడలు ముసలితనంలో అక్కడ కొడుకు దగ్గర ఉండేది. నేనెవరి మనుమణ్ణో ముందే చెప్పాను. కొడుకు ముఖం గంటు పెట్టుకుని లోపలికి పోయాడు. ఆమె మాత్రం మరాఠీలో మెల్లగా అంది: "హల్గీ వాజలీ నాహీ, బైల్ హల్లే నాహీత్." డప్పు మోగలేదు, ఎడ్లు కదలలేదు. ఏటా ఆ మోతకే అడుగు వేయడం మరిగిన ఎడ్లు తోరణం కింద అట్లాగే నిలబడిపోయాయట. ముల్లుగర్రతో పొడిచినా కదలలేదట. కర్ర సంగతి అడిగితే తల అడ్డంగా ఊపింది. "మా మామగారి పేరు వేయకు బాబూ, పిల్లలున్నారు" అంది.

తిరిగి వచ్చి అమ్మమ్మకు చెప్పాను.

"ఎయ్యకురా. ఊరి పేరు గూడ ఎయ్యకు. వాళ్ల తాత జేసిన పాపం మనుమలకెందుకు? మీ తాత చెయ్యి మాత్రం సాఫ్‌గ ఉండాలె."

గర్జన చింపేశాను. ఆ అధ్యాయంలో మా తాత ఒక్క మాటా మాట్లాడడు. నేను రాసినవాటిలో తలెత్తుకుని చూపించగలిగింది అదొక్కటే. అందులో నా కల్పన లేకపోవడమే నాకు గర్వం. ఎడ్లను సైతం ఆపిన మౌనం మా ఇంటిది. దాన్ని ఈ రోజు చప్పట్లకు అమ్ముకున్నాను.

వందన సమర్పణ సగంలో ఉండగా లేచి మైకు అడిగాను. ముసలాయన శాలువా మరిచిపోయాడనుకున్నారేమో, నవ్వుతూ ఇచ్చారు. "అమ్మా, ఇందాక నీకు అబద్ధం చెప్పాను. మా తాత కర్ర ఎత్తలేదు. డప్పు దించాడు" అని, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఫ్యాను చప్పుడు తప్ప హాల్లో ఏమీ లేదు. ఆ పోలా నాడు తోరణం కింద మొదలైన నిశ్శబ్దం, ఇన్నేళ్ళు నడిచి నడిచి, ఇప్పటికి ఇక్కడికి చేరిందనిపించింది.