ఎడమ కాలికి తొమ్మిది సెంటీమీటర్లు

నా ఎత్తు నూట యాభై తొమ్మిది సెంటీమీటర్లు. గోడకు వీపు ఆనించి, తల మీద రసమట్టం పెట్టి నేనే కొలుచుకున్న లెక్క ఇది. నా బండి సీటు నేల నుంచి ఎనభై ఏడు సెంటీమీటర్లు. ప్యాంటు కుట్టేవాళ్లు తీసే లోపలి కొలత ప్రకారం నా కాలు డెబ్భై మూడు. ఈ అంకెలు విన్నవాళ్లెవరూ ఇంకో అంకె అడగలేదు. అమ్మేయమని మాత్రం అందరూ అన్నారు.

బండి అంటే సందుల్లో తిరిగేది కాదు. మంచి రోడ్డయినా గుంతల రోడ్డయినా రోజుల తరబడి పోవడానికని చేసిన పెద్ద మోటారు సైకిలు. పన్నెండు వందల సీసీ, జర్మనీ తయారీ, నా చేతికి వచ్చేసరికి ఆరేళ్ల పాతది. నేను విజయవాడలో ఇళ్లకు ఫ్లోరింగ్ పనులు చేయిస్తాను. ఇంటర్ తప్పినవాణ్ణి. లెక్కలు నాకు బళ్లో రాలేదు. బాత్రూములో నీళ్లు జాలీ వైపు పోవాలంటే అడుగుకు ఎంత వాలు పెట్టాలో తప్పు వేసి, పగలగొట్టి, మళ్లీ వేసి నేర్చుకున్నాను. అందుకే అంకె చెప్పినవాణ్ణి కాకుండా కొలిచినవాణ్ణి నమ్ముతాను.

మార్చి మొదట్లో ఒక ఆదివారం పొద్దున పడిపోయాం. మా ఆవిడ తమ్ముడు, అయిదడుగుల పదకొండు అంగుళాల మనిషి, జపాన్ వాళ్ల పెద్ద బండి మీద ముందు వెళుతున్నాడు. నేనూ మా ఆవిడా వెనక. ఉయ్యూరు దాటి, పామర్రు దగ్గర తిరిగి, చల్లపల్లి దారి పట్టాం. అది మినుముల కాలం. వరి కోసిన చేలల్లో పండిన మినుమును పీకి, వచ్చే పోయే బళ్లు తొక్కి గింజలు రాలుస్తాయని కాయలున్న కట్టెను రోడ్డు మీద పరుస్తారు. కళ్లాలు ప్లాట్లయిపోయాక రోడ్లే కళ్లాలయ్యాయి. రోడ్డు ఎడమ సగమంతా మినుము కట్టె. ఎదురుగా బస్సు. బావమరిది ఆ సందులోంచి దూరి వెళ్లిపోయాడు. నేను ఎడమకు లాగి, ఆపి, కాలు దించాను.

కాలికి నేల తగల్లేదు. తారు అంచు పక్కన మార్జిను వానలకు కోసుకుపోయి ఉంది, దాని మీద రాలిన మినుములు. సామాను పెట్టెలతో కలిపి రెండు వందల డెబ్భై తొమ్మిది కిలోల బండి, దాని మీద మేమిద్దరం, ఎవరో పడుకోబెట్టినట్టు మెల్లగా ఎడమకు ఒరిగిపోయాం. కట్టె తిరగేస్తున్న ముసలాయన పరుగున వచ్చాడు.

"ముందు మినుముల మీంచి లెగండి బాబూ, పెట్రోలు కారుద్ది" అన్నాడు.

తర్వాత మా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోవడం చూసి, మినుముల సంగతి వదిలేసి మంచినీళ్లు తెచ్చాడు. ఆవిడ ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు ఉంచాలన్నారు.

ఆ సాయంత్రమే మా ఇంట్లో బావమరిది తీర్పు చెప్పేశాడు.

"బావా, తప్పు నీది కాదు, నీ ఎత్తుది. మూడొందల యాభై సీసీది తీసుకో, హాయిగా ఉంటది. దీనికి నా దగ్గర మనిషున్నాడు. ఆరడుగులుంటాడు, సరిపోద్ది."

"నీ మనిషికి సరిపోద్దా అని నేనడిగానా?" అన్నాను.

మా ఆవిడ ఇద్దరినీ ఊరుకోమంది. ఆవిడ హైస్కూల్లో టీచరు. ఇరవై ఏళ్లుగా పిల్లల గొడవలు తీరుస్తున్న మనిషి. కట్టు విప్పాక వచ్చే ఆదివారం ఒక్కసారి వెనక కూర్చుంటానంది. అదే రోడ్డు. తను ఆపమన్న చోటల్లా నేను ఆపాలి. తేడా వస్తే బండి తమ్ముడు తెచ్చిన మనిషికి ఇచ్చెయ్యాలి. సరేనన్నాను. నాకు ఆరు వారాలు దొరికాయి.

అందరూ చెప్పే వైద్యం ఒకటుంది. వెనక స్ప్రింగు దగ్గర ఒక ముక్క మార్చి బండినే నాలుగు సెంటీమీటర్లు కిందికి దించడం. ఆదివారాలు కలిసి బళ్లు తోలే మా గుంపులో ఇద్దరు అదే చెప్పారు, బావమరిది ఆ ముక్క ఎక్కడ దొరుకుతుందో కూడా చెప్పాడు. నేను స్కూటర్ మీద వెళ్లి పామర్రుకూ చల్లపల్లికీ మధ్య ఊళ్లవాళ్లు సొంతంగా పోసుకున్న స్పీడు బ్రేకర్లన్నీ కొలిచాను. ఎత్తయినది పదహారు సెంటీమీటర్లు. బండి పొట్టకూ నేలకూ మధ్య ఇరవై రెండు. ఇద్దరం కూర్చుంటే అయిదు దిగి పదిహేడు. ఇంకో నాలుగు దించితే పదమూడు. నా కాలు ఆనడం కోసం ఇంజిను నేలకు రాసుకోవాలన్న మాట. బండిని పొట్టిదాన్ని చెయ్యను అన్నాను. ఇంట్లో ఒక పొట్టివాడు చాలు.

నా లెక్క వేరు. ఎనభై ఏడులోంచి డెబ్భై మూడు పోతే పద్నాలుగు. సీటు వెడల్పు వల్ల కాళ్లు పక్కకు పోతాయి కాబట్టి అది అయిదు మింగుతుంది. ఇద్దరం కూర్చుంటే స్ప్రింగులు ఆ అయిదూ తిరిగిస్తాయి. బూటు అడుగు రెండు. అంటే పాదం పూర్తిగా ఆనడానికి ఇంకా పన్నెండు కావాలి. అయితే రెండు పాదాలూ ఎందుకు? ఆగేటప్పుడు కుడికాలు బ్రేకు మీదుంటుంది, దిగేది ఎడమ కాలొక్కటే. సీటు విప్పి ఆటోనగర్‌లో సీట్లు కుట్టే అతని దగ్గరకు తీసుకుపోయి, ఎడమ అంచు మాత్రం మూడు సెంటీమీటర్లు చెక్కమన్నాను.

"రెండు పక్కలా చెక్కుతాను సార్. ఒక పక్కే అయితే వంకర కనపడుద్ది."

"కనపడనీ. కుడి పక్క నాకు మెత్తగా ఉండాలి."

"చేస్తాను గానీ, ఎవరు చేశారని అడిగితే నా పేరు చెప్పకండి సార్" అన్నాడు.

అలా పన్నెండు తొమ్మిదయింది. ఆ తొమ్మిదితోనే నా ఆరు వారాలూ గడిచాయి.

తర్వాత బరువు సంగతి. రెండేళ్లుగా నేనే ముచ్చటపడి బిగించినవన్నీ విప్పాను. మూడు అల్యూమినియం పెట్టెలు, వాటి చట్రాలు, పక్క గార్డులు, పొగమంచు దీపాలు. టైల్స్ గోడౌనులో కాటా మీద పెడితే నలభై ఒక్క కిలోలు. ఆదివారం గుంపు కలిసే కృష్ణ వారధి దగ్గరకు వెళితే గుంపులో పెద్దాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "గుండు కొట్టించినట్టున్నారు, ఏ మొక్కండీ?" అన్నారు.

"నలభై ఒక్క కిలోల మొక్కండి" అన్నాను.

ఈ గుంపులో బళ్లను పోల్చడమంటే హార్స్‌పవర్ పోల్చడం. ఎవరి బండికి ఎన్ని స్క్రీన్లు, ఎన్ని మీటలు, ఎంత వేగం. ఆగినప్పుడు ఏ బండి ఎంత బరువు చేతి మీద వేస్తుందో ఎవరూ అడగరు. నేను బస్తాలు తూచే స్ప్రింగు కాటా తీసుకెళ్లాను. బండిని పది డిగ్రీలు వంచి, హ్యాండిల్ చివర కాటా తగిలించి, పడకుండా నిలబెట్టడానికి ఎన్ని కిలోల లాగుడు కావాలో చూశాను. నా బండి పెట్టెలతో ఇరవై ఏడు, పెట్టెలు తీసేశాక ఇరవై. మా బావమరిది బండి సీటు నా దానికన్నా రెండు సెంటీమీటర్లు పొట్టి, కాగితం మీద బరువూ తక్కువే. దానికి పెట్టెలు లేకుండానే ఇరవై నాలుగు వచ్చింది. దాని బరువంతా పైన ట్యాంకులో ఉంది. నా బండిది కింద ఇంజినులో ఉంది.

"బండిని మేకపోతులా తూస్తున్నావేంటి బావా?" అన్నాడు. అంకె మాత్రం మళ్లీ చూడనివ్వలేదు.

ఇక రోడ్డు. నాకు కావలసిన తొమ్మిది సెంటీమీటర్లు రోడ్డు మీదే ఎక్కడో ఉంటాయి కదా అనిపించింది. ఎడమ పక్క నేల తొమ్మిది ఎత్తుంటే చాలు, పాదం మొత్తం ఆనుతుంది. చిన్నప్పుడు గేదెనెక్కేవాళ్లం. కింద నుంచి ఎవడెక్కుతాడు? గట్టు దగ్గరకు తోలుకెళ్లి గట్టు మీంచి ఎక్కేవాళ్లం. టేపూ రసమట్టం పట్టుకుని, మూడు ఆదివారాలు స్కూటర్ మీద ఆ గట్లే వెతికాను. తూముల అంచులు, కిలోమీటరు రాళ్ల దిమ్మలు, బస్సు షెల్టర్ల ముందు సిమెంటు మెట్లు. దారిలో ఒక టీ బడ్డీ ఆవిడ నన్ను సర్వే వాణ్ణనుకుని ఉచితంగా టీ ఇచ్చి, రోడ్డు వెడల్పులో వాళ్ల రేకుల షెడ్డు పోతుందా అని అడిగింది. కాదమ్మా, నా కాలు ఆనే చోటు కోసం కొలుస్తున్నానని నిజమే చెప్పాను. ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"మా ఆయన కూడా పొట్టేనండి. ఆటో కొనుక్కున్నాడు" అంది.

టీ డబ్బులు తీసుకునేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు నేను.

ముప్ఫై నాలుగు చోట్లు పుస్తకంలో రాసి తెచ్చి మా ఆవిడకు చూపించాను. ఒక పేజీ చదివి మూసేసింది.

"ప్రశ్నపత్రం ముందే చూసి రాసే పరీక్షకి నేను మార్కులు వెయ్యనండీ."

న్యాయమే. ఇక మిగిలింది చదును నేల మీద ఆపడం. ఆగబోయే ముందు ఎడమ పిర్ర సీటు మీంచి జార్చి, కాలు నిటారుగా దించితే ఆ తొమ్మిదీ దొరుకుతాయి. వెనక మనిషి ఉంటే ఎలా ఉంటుందో తెలియాలి కదా, మా అపార్ట్‌మెంట్ పక్క ఖాళీ స్థలంలో వెనక సీటు మీద ఇరవై కిలోల టైల్ గమ్ బస్తాలు మూడు కట్టి ఆపడం మొదలుపెట్టాను. మా ఆవిడ బాల్కనీలోంచి చూసి, "మూడు బస్తాలా? నేనంత ఉన్నానా?" అని అడిగింది. రెండు వందల సార్లు ఆపాను. మొదటి అరవైలో రెండుసార్లు పడేశాను. ఆఖరి వందలో ఒక్కసారి కూడా పడలేదు. చదునయితే ఎక్కడైనా ఆపగలనని తేలింది. నేల ఎడమకు దిగిపోతే మాత్రం ఎవరేం చేసినా లెక్క కుదరదు. దాన్ని పుస్తకంలో విడిగా రాసుకున్నాను.

ఏప్రిల్ నడిమికి కట్టు విప్పారు. ఆ ఆదివారం ఎండ ముదరకముందే బయలుదేరాం. బావమరిది తన బండి మీద వెనక. కొనే మనిషికి ఫోను చెయ్యడమే తరువాయి అన్నట్టున్నాడు. మా ఆవిడ భుజం మీద తట్టినప్పుడల్లా ఆపాను. కంకిపాడు దగ్గర లారీ పక్కన, ఉయ్యూరు సెంటర్లో, పామర్రు మలుపులో, పిల్లకాలవ వంతెన మీద, ఇంకో రెండు చోట్ల. ఆరుసార్లూ పాదం ఆనింది.

ఏడోసారి తట్టింది. ఎక్కడ పడ్డామో అక్కడ.

మినుములు లేవు. కోసుకుపోయిన మార్జిను అలాగే ఉంది. తారు అంచు నుంచి కిందికి పదమూడు సెంటీమీటర్లు, తారు కూడా ఎడమకే వాలు. నేను ఆపలేదు. ఆవిడ మళ్లీ తట్టింది. ఇంకో అరవై మీటర్లు వెళ్లి తూము అంచున ఆపాను.

బావమరిది వచ్చి హెల్మెట్ తీశాడు. "అయిపోయింది బావా. ఆపమన్న చోట ఆపలేదు" అని ఫోను తీశాడు.

"అది ఆపకూడని చోటు. నువ్వు చెయ్యెత్తావని బస్సు రైలు పట్టాల మీద ఆగుద్దా? మీ అక్క పది సార్లు తట్టినా అక్కడ ఆపను" అన్నాను.

మా ఆవిడ బండి దిగి ఎదురుగా నిలబడింది. "ఆ రోజు బస్సు ఎదురొచ్చింది. అరవై మీటర్లు ముందుకెళ్లే దారి లేదు. మళ్లీ అట్లాగే వస్తే ఏం చేస్తారు?"

ఆరు వారాలుగా నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. అడిగినవాళ్లందరికీ కాలికి నేల తగల్లేదనే చెప్పాను. అది అబద్ధం కాదు. అంతకు ముందు జరిగింది చెప్పలేదు, అంతే. ఆ రోడ్డు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది, ఎదురొచ్చేది దూరం నుంచే కనపడుతుంది. ఆవిణ్ణి కాకుండా మా బావమరిదిని చూసి చెప్పాను.

"బస్సు నాకు అర కిలోమీటరు ముందే కనపడింది. ఇవతలే మంచి చోటుంది, ఆగుదామనుకున్నాను. నువ్వు దూరి వెళ్లిపోయావు. ఆగితే పొట్టోడు భయపడ్డాడంటావని ఆగలేదు. ఇంకనించి బస్సు కనపడిన చోటే ఆగుతాను. నువ్వేమన్నా అనుకో."

మా ఆవిడ అందుకుంది.

"నాకూ కనపడింది." ఆ బండికి వెనక సీటు ముందు సీటుకన్నా ఎత్తు. ఆవిడ నాకన్నా నాలుగు సెంటీమీటర్లు పొడవు కూడా. "మీ తల మీదుగా నాకు రోడ్డంతా కనపడుద్దండీ. ఆపుతారులే అనుకున్నాను. ఇన్నాళ్లూ సెంటీమీటర్లు చెప్తున్నారు గానీ ఈ మాట చెప్పలేదు."

బావమరిది ఫోను చేతిలో తిప్పుతూ, "మరి ఆయనకేం చెప్పమంటావక్కా?" అని అడిగాడు.

"ఆయన ఎత్తెంతన్నావు?"

"ఆరడుగులు."

"అయితే ఆయనకి ఏ బండయినా దొరుకుద్ది లేరా" అంది.

నా భుజం మీద చెయ్యి వేసి ఎక్కింది. కట్టు విప్పిన చెయ్యి ఇంకా సన్నగా, తెల్లగా ఉంది. చల్లపల్లి ఇంకా కొంత దూరముందనగా రోడ్డుకు ఒక పక్క మొక్కజొన్న ఆరబోశారు. చాలా దూరంలో గడ్డి ట్రాక్టరు వస్తోంది. ఇవతల ఒక షెల్టరు మెట్టు దగ్గర ఆపి ఎడమ పాదం పూర్తిగా ఆనించాను. వెనక నుంచి బావమరిది హారన్ కొట్టాడు. ట్రాక్టరు మమ్మల్ని దాటి వెళ్లడానికి చాలా సేపు పట్టింది. వాడు ఇంకో రెండుసార్లు కొట్టాడు. నేను కదల్లేదు.